నాలుగు మెషీన్లలో ఒకే షెల్

వాసూ,

నీ మెసేజ్ చూశాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, పక్కన పెట్టుకుని చూసుకుంటూ చేసే పని కదా, రాసి పంపితేనే నీకు ఉపయోగం అనిపించింది. ఇంట్లో ఉబుంటు ల్యాప్‌టాప్, కొత్త ఆఫీసువాళ్ళు ఇచ్చిన మ్యాక్, దాని మీంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరపు మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్ళే సర్వర్లు, పాప చదువుకి కొన్న విండోస్ మెషీన్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు). షెల్‌లో, అంటే మనం కొట్టే కమాండ్‌లని చదివి నడిపే ప్రోగ్రామ్‌లో, ఒకచోట పెట్టుకున్న ఏలియాస్ (కమాండ్‌కి మనం పెట్టుకునే సొంత పేరు) ఇంకోచోట ఉండదు, ప్రాంప్ట్ (కమాండ్ కొట్టేచోట ముందు కనిపించే మాట) ఒక్కోచోట ఒక్కోలా ఉంది, చిరాకేస్తోంది అన్నావు. వెయ్యదా మరి! బుర్ర ఒక చిక్కు మీద ఉన్నప్పుడు వేళ్ళు వాటంతటవే కొట్టిన కమాండ్‌కి "కమాండ్ నాట్ ఫౌండ్" అని వస్తే ఆలోచన తెగిపోతుంది. రోజంతా టెర్మినల్లోనే ఉండేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

నా మాట ముందే చెప్పేస్తాను. నాలుగు మెషీన్లనీ అచ్చంగా ఒకేలా చెయ్యాలని కూర్చోకు. నీ వెంట వచ్చే షెల్ సెట్టింగ్స్ ఫైలు చిన్నదిగా ఉండాలి. ఇప్పుడే పుట్టిన ఖాళీ సర్వర్లో వేసినా ఒక్క ఎర్రర్ లేకుండా నడవాలి. మిగతాదంతా ఏ మెషీన్‌ది ఆ మెషీన్‌లోనే ఉండిపోవాలి.

ఉబుంటులో నీ షెల్ అయిన బాష్ కోసం రాసుకున్న స్క్రిప్ట్ మ్యాక్‌లో ఎందుకు నడవలేదని అడిగావు కదా. కారణం లైసెన్సు. బాష్ 4 నుంచి, అంటే 2009 నుంచి, అది జీపీఎల్ మూడో వెర్షన్ కిందికి వెళ్ళింది. ఆపిల్ దాన్ని తీసుకోలేదు. అందుకే కొత్త మ్యాక్‌లో కూడా సిస్టమ్‌తో వచ్చే బాష్ 3.2 మాత్రమే. ఆ 3.2 మొదట విడుదలైంది 2006లో. నువ్వు ఉబుంటులో వాడుకుంటున్న అసోసియేటివ్ అర్రేలు (పేరుతో విలువలు దాచుకునే జాబితాలు) బాష్ 4లో వచ్చినవి, కాబట్టి అక్కడ దొరకవు. 2019లో కాటలినా వచ్చినప్పుడు ఆపిల్ డిఫాల్ట్ షెల్‌ని జెడ్‌షెల్‌గా మార్చేసింది. అంటే నువ్వు మ్యాక్‌లో టెర్మినల్ తెరిస్తే జెడ్‌షెల్, ఉబుంటులో తెరిస్తే బాష్. ఇక ఉబుంటులోనైనా స్క్రిప్టు పైన బిన్ ఎస్‌హెచ్ అని రాస్తే నడిచేది బాష్ కాదు, డ్యాష్ అనే ఇంకో షెల్. 2006లో వచ్చిన 6.10 నుంచీ అంతే.

కాబట్టి ఏదో ఒకటే షెల్ అని పట్టుబట్టకుండా, రెండింటికీ అర్థమయ్యే పాత పద్ధతి రాతలో ఒక ఉమ్మడి ఫైలు పెట్టుకో. ఏలియాస్‌లు, చిన్న చిన్న ఫంక్షన్లు, ఎడిటర్ పేరు, పాత్ (ప్రోగ్రామ్‌ల కోసం షెల్ వెతికే డైరెక్టరీల వరస), ఇవన్నీ అందులో. ఆ షెల్స్ సెట్టింగ్స్ ఫైళ్ళు బాష్‌ఆర్‌సీ, జెడ్‌షెల్‌ఆర్‌సీ రెండూ దాన్ని సోర్స్ చేస్తాయి, అంటే తమలోకి చదువుకుంటాయి. ప్రాంప్ట్, కంప్లీషన్ (ట్యాబ్ నొక్కితే మాట పూర్తవడం) లాంటివి మాత్రం ఏ షెల్‌వి ఆ షెల్ ఫైల్లో.

ఇక్కడ ఒక్క చోట చాలామంది తికమక పడతారు కాబట్టి నెమ్మదిగా చెబుతాను. ఏ ఫైలు ఎప్పుడు చదవబడుతుందో తెలియకపోతే ఎంత మార్చినా ఫలితం కనిపించదు. బాష్ లాగిన్ షెల్‌గా తెరుచుకుంటే బాష్ ప్రొఫైల్ చదువుతుంది, మామూలు ఇంటరాక్టివ్ షెల్ అయితే బాష్‌ఆర్‌సీ చదువుతుంది. లాగిన్ షెల్ తనంతట తాను బాష్‌ఆర్‌సీ జోలికి పోదు. ఉబుంటు డెస్క్‌టాప్‌లో టెర్మినల్ విండో తెరిస్తే అది లాగిన్ షెల్ కాదు. మ్యాక్ టెర్మినల్‌లో ప్రతి విండో లాగిన్ షెల్లే. ఎస్‌ఎస్‌హెచ్‌లో సర్వర్‌లోకి వెళ్తే అదీ లాగిన్ షెల్లే. అందుకే బాష్ ప్రొఫైల్లో బాష్‌ఆర్‌సీని సోర్స్ చేసే ఒక్క లైను తప్ప ఇంకేమీ ఉంచకు. జెడ్‌షెల్‌తో ఈ గొడవ తక్కువ. ఇంటరాక్టివ్‌గా తెరిచినప్పుడల్లా జెడ్‌షెల్‌ఆర్‌సీ చదువుతుంది. జెడ్‌షెల్‌ఎన్వ్ అని ఇంకోటుంది, స్క్రిప్టులకి కూడా చదవబడుతుంది. మ్యాక్‌లో పాత్‌ని అందులో పెట్టకు. దాని తర్వాత సిస్టమ్ తన జెడ్‌ప్రొఫైల్ నడిపి, పాత్ హెల్పర్ అనే ప్రోగ్రామ్‌తో వరస మార్చేస్తుంది. నువ్వు ముందు పెట్టిన డైరెక్టరీ వెనక్కి పోతుంది. ఆర్‌సీలోనే పెట్టు.

ఇంకో సంగతి. సర్వర్ మీద బాష్‌ఆర్‌సీలో "నమస్తే వాసు" అని తెర మీద చూపించేలా ఎకో పెట్టుకున్నావనుకో, ఫైళ్ళు కాపీ చేసే ఎస్‌ఎఫ్‌టీపీ, ఆర్‌సింక్ ఆగిపోతాయి. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా కమాండ్ నడిపినప్పుడు కూడా బాష్ ఆ ఫైలు చదువుతుంది. అక్కడ పడిన ప్రతి అక్షరాన్నీ అవతలి ప్రోగ్రామ్ తన డేటా అనుకుంటుంది. ఉబుంటు ఇచ్చే బాష్‌ఆర్‌సీ మొదట్లోనే "ఇది ఇంటరాక్టివ్ కాకపోతే వెనక్కి వెళ్ళిపో" అనే తనిఖీ ఉంటుంది. చాలామంది అది ఏమిటో తెలియక తీసేస్తారు. ఉంచు. నీ సొంత ఫైల్లో కూడా పెట్టు.

ఇప్పుడు అసలు కీలకం. ఫైల్లో "ఇది మ్యాకా, లినక్సా" అని అడిగే లైన్లు వీలైనంత తక్కువ రాయి. "ఈ ప్రోగ్రామ్ ఇక్కడ ఉందా" అని అడుగు. దానికి కమాండ్ మైనస్ వీ అని ఉంది. అది బాష్, జెడ్‌షెల్, డ్యాష్ లాంటి షెల్స్ అన్నిటిలోనూ ఉంటుంది. విచ్ అనే ప్రోగ్రామ్ మీద ఆధారపడకు, కొన్ని చిన్న సిస్టమ్ ఇమేజ్‌లలో అది ఉండదు. నియోవిమ్ ఉంటే ఎడిటర్ అది, లేకపోతే విమ్, అదీ లేకపోతే వీఐ. ఇలా రాసుకుంటే రేపు ఫ్రీబీఎస్‌డీ మెషీన్ చేతికొచ్చినా ఫైలు ముట్టుకోనక్కర్లేదు.

కొన్నిచోట్ల మాత్రం అడగక తప్పదు. మ్యాక్‌లో ఉన్న ప్రాథమిక టూల్స్ బీఎస్‌డీ వంశానివి, లినక్స్‌వి గ్నూ వంశానివి. పేరొకటే, ఆప్షన్లు వేరు. ఎస్‌ఈడీతో ఫైలుని అక్కడికక్కడే మార్చాలంటే మైనస్ ఐ తర్వాత మ్యాక్‌లో బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ ఇవ్వాలి, వద్దనుకుంటే ఖాళీ కోట్స్ అయినా పెట్టాలి. ఉబుంటులో అలా పెడితే ఎర్రర్. నిన్నటి తేదీ కావాలంటే గ్నూ డేట్‌కి మైనస్ డీ ఇచ్చి యెస్టర్‌డే అంటే చాలు, మ్యాక్‌లో మైనస్ వీ మైనస్ వన్ డీ అనాలి. ఇలాంటివాటికి యూనేమ్ అనే కమాండ్‌ని అడిగితే మ్యాక్ "డార్విన్" అంటుంది, ఉబుంటు "లినక్స్" అంటుంది. పాప మెషీన్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ కూడా "లినక్స్" అనే అంటుంది. తేడా పట్టుకోవాలంటే కెర్నల్ వెర్షన్ స్ట్రింగ్‌లో మైక్రోసాఫ్ట్ అన్న మాట వెతకాలి. మ్యాక్‌లో ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసే హోమ్‌బ్రూ విషయంలోనూ అంతే. పాత ఇంటెల్ మ్యాక్‌లలో యూజర్ లోకల్ కిందా, ఎం1 లాంటి ఆపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లలో ఆప్ట్ హోమ్‌బ్రూ కిందా ఉంటుంది. రెండు డైరెక్టరీలనీ చూసి, ఉన్నదాన్నే పాత్‌లో కలుపు.

ఏలియాస్‌ల గురించి నాకు గట్టి అభిప్రాయం ఉందిరా. ఉన్న కమాండ్‌కి అర్థం మార్చకు. ఫైళ్ళు తీసేసే ఆర్‌ఎమ్ కొడితే అడిగి తీసేసేలా ఏలియాస్ పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. అది మంచి సలహా కాదు. "ఎలాగూ అడుగుతుందిలే" అని వేళ్ళకి అలవాటైపోతుంది. ఆ ఏలియాస్ లేని సర్వర్లో అదే వేగంతో కొడితే అది అడగదు, తీసేస్తుంది. నీకు నచ్చిన ప్రవర్తన కావాలంటే దానికి కొత్త పేరు పెట్టుకో. అది లేని మెషీన్‌లో "కమాండ్ నాట్ ఫౌండ్" అని వస్తుంది, అంతకు మించి నష్టం ఉండదు. ఫైళ్ళ జాబితా చూపే ఎల్‌ఎస్‌కి రంగులు వెయ్యడం, మాటలు వెతికే గ్రెప్‌కి రంగులు వెయ్యడం సరే, వాటివల్ల ఏదీ పోదు.

ప్రాంప్ట్‌లో నాకు ముఖ్యం అనిపించేది ఒక్కటే: నేను ఏ మెషీన్‌లో ఉన్నానో ఒక్క చూపులో తెలియాలి. గిట్ బ్రాంచ్, బ్యాటరీ, వాతావరణం తర్వాత సంగతి. నా దగ్గర ఇంటి మెషీన్ ఆకుపచ్చ, టెస్ట్ సర్వర్లు పసుపు, ప్రొడక్షన్ ఎరుపు. హోస్ట్ పేరు ఆ రంగులో కనిపిస్తుంది. ఒకేసారి చాలా విండోలు తెరిచి ఉన్నప్పుడు ఆ ఎరుపు చూడగానే చెయ్యి ఎంటర్ మీద ఒక్క క్షణం ఆగుతుంది. బాష్‌లో రంగుల కోడ్‌లని ఇరువైపులా బ్యాక్‌స్లాష్ బ్రాకెట్లలో పెట్టడం మరిచిపోకు. లేకపోతే అవి కనిపించని అక్షరాలని బాష్‌కి తెలియదు, పొడుగు కమాండ్ కొట్టినప్పుడు లైను దాని మీద అదే పడుతుంది.

హిస్టరీ కూడా చూసుకో. బాష్ వదిలేస్తే 500 లైన్లే గుర్తుంచుకుంటుంది. ఆ అంకె బాగా పెంచు, హిస్ట్ అపెండ్ ఆన్ చెయ్యి, లేకపోతే చివర మూసిన విండో మిగతా విండోల హిస్టరీని తుడిచేస్తుంది. హిస్ట్ కంట్రోల్‌ని ఇగ్నోర్‌బోత్‌గా పెడితే, ముందు ఒక స్పేస్ వేసి కొట్టిన కమాండ్ హిస్టరీలోకి పోదు. సగం కమాండ్ టైప్ చేసి పై బాణం నొక్కితే అలా మొదలైన పాతవి మాత్రమే వచ్చేలా ఇన్‌పుట్‌ఆర్‌సీలో పెట్టుకోవచ్చు. అయితే జెడ్‌షెల్ ఆ ఫైలు చదవదు, దానికి బైండ్‌కీతో వేరే చెప్పాలి. నా షెల్‌లో నాకు అత్యంత ఇష్టమైన సౌకర్యం ఇదే.

నాన్నగారి పద్యాల ఫైళ్ళ పేర్లు సర్వర్లో పిచ్చి అంకెలుగా వస్తున్నాయన్నావు. ఫైళ్ళకేమీ కాలేదు, కంగారుపడకు. అక్కడ లొకేల్, అంటే భాష, అక్షరాల సెట్టింగ్, ఒట్టి సీ అయి ఉంటుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు. సీ లొకేల్‌లో ఎల్‌ఎస్ వాటిని అక్షరాలుగా గుర్తించలేక 340, 260 అంటూ ఆక్టల్ అంకెలుగా చూపిస్తుంది. మన తెలుగు పేరైతే ప్రతి మూడు బైట్లలో మొదటిది 340యే ఉంటుంది, చూడు. లొకేల్ మైనస్ ఏ కొట్టి ఆ సర్వర్లో ఏవి ఉన్నాయో చూసి, సీ డాట్ యూటీఎఫ్-8 ఉంటే అది పెట్టుకో. దాదాపు అన్ని కొత్త లినక్స్‌లలో ఉంటుంది. మ్యాక్ నుంచి వెళ్ళినప్పుడు "సెట్‌లొకేల్" అని వార్నింగ్ వస్తే, మ్యాక్ పంపే లొకేల్ పేరు సర్వర్‌కి తెలియదన్నమాట. టెర్మినల్ సెట్టింగ్స్‌లో దాన్ని పంపడం ఆపెయ్యొచ్చు. ఒత్తులు కొన్ని టెర్మినళ్ళలో విడిపోయి కనిపిస్తే అది షెల్‌కి సంబంధించింది కాదు, ఆ టెర్మినల్ అక్షరాలు గీసే తీరు.

వీటన్నిటినీ మెషీన్ల మధ్య ఎలా తిప్పాలంటే, ఫైళ్ళ మార్పుల చరిత్ర దాచే గిట్. హోమ్‌లో డాట్‌ఫైల్స్ అని ఒక డైరెక్టరీ, అందులో అసలు ఫైళ్ళు, హోమ్ నుంచి వాటికి సిమ్‌లింక్‌లు (అసలు ఫైలు వైపు చూపే లింకులు). సిమ్‌లింక్‌లు చేతితో పెట్టడం విసుగైతే గ్నూ స్టో ఉంది. షేమ్వా లాంటి పెద్ద టూల్స్ టెంప్లేట్లు కూడా ఇస్తాయి, మంచివే. కానీ నీ నాలుగు మెషీన్లకి పది లైన్ల స్క్రిప్టు చాలు. కొత్త మెషీన్‌లో సెటప్ చెయ్యడానికి ముందు ఇంకో టూల్ ఇన్‌స్టాల్ చెయ్యాల్సి రావడం నాకు నచ్చదు. పాప మెషీన్ కోసం ఒక జాగ్రత్త: గిట్ అట్రిబ్యూట్స్‌లో లైన్ ఎండింగ్ ఎల్‌ఎఫ్ అని రాసిపెట్టు. విండోస్ తరహా లైన్ ఎండింగ్‌లు వచ్చాయంటే షెల్ ప్రతి లైన్లోనూ బ్యాక్‌స్లాష్ ఆర్ గురించి ఫిర్యాదు చేస్తుంది.

ఆఫీసు టోకెన్లు, పాస్‌వర్డ్‌లు, లోపలి సర్వర్ల పేర్లు గిట్ రిపోలోకి (ఫైళ్ళు, వాటి చరిత్ర ఉండే చోటు) అసలు రాకూడదు, ప్రైవేట్ రిపో అయినా సరే. తర్వాత తీసేసినా గిట్ చరిత్రలో ఉండిపోతాయి. ఉమ్మడి ఫైలు చివర "లోకల్ అనే ఫైలు ఉంటే దాన్ని సోర్స్ చెయ్యి" అని ఒక లైను పెట్టు. రహస్యాలైనా, ప్రాక్సీలైనా, ఆ మెషీన్ రంగైనా అందులోనే. గిట్‌లో ఆఫీసు ఈమెయిల్ వేరు, సొంత ఈమెయిల్ వేరు కావాలంటే ఇంక్లూడ్ ఇఫ్ అని 2017 నుంచీ ఉంది, డైరెక్టరీని బట్టి మారిపోతుంది.

టీమంతా ఒకే లాగిన్ వాడే సర్వర్లలో మాత్రం మన ఫైళ్ళేవీ పెట్టొద్దు. అది నలుగురూ కూర్చునే చోటు. అక్కడ ఉన్న షెల్‌తోనే పని చేసుకోవాలి, అందుకే కదా ఏలియాస్‌లు తక్కువగా పెట్టుకోమన్నది.

అంతా అయ్యాక డాకర్‌లో (వేరే సిస్టమ్‌ని విడిగా నడిపి చూసే టూల్) ఆల్పైన్ అనే చిన్న లినక్స్ ఇమేజ్ తెరిచి ఉమ్మడి ఫైలు సోర్స్ చేసి చూడు. అందులో బాష్ ఉండదు, బిజీబాక్స్ వాళ్ళ చిన్న షెల్ ఉంటుంది. అక్కడ కూడా నోరెత్తకుండా నడిస్తే నాలుగు మెషీన్లలోనూ నడుస్తుంది. స్క్రిప్టుల్లో తప్పులు వెతికే షెల్‌చెక్‌తో కూడా ఒకసారి చూపించు, కోట్స్ మర్చిపోయిన చోట్లన్నీ పట్టుకుంటుంది.

ఆదివారం మొదలుపెట్టు. ముందు ఉమ్మడి ఫైలు, లోకల్ ఫైలు, ప్రాంప్ట్ రంగు, ఈ మూడే. మిగతావి పనిలో అవసరం పడినప్పుడు కలుపుకో. ఇప్పుడున్న బాష్‌ఆర్‌సీని టోకెన్లు తీసేసి నాకు పంపించు, దేన్ని ఉమ్మడిలో ఉంచాలో, దేన్ని లోకల్‌లోకి తొయ్యాలో పక్కన రాసి తిరిగి పంపుతాను. నాన్నగారిని అడిగానని చెప్పు. పద్యాలు ఎంతవరకూ టైప్ అయ్యాయో కూడా రాయి.

నీ,
రఘు