డబ్బులు ఫలితాన్ని చూసే ఇవ్వండి, ముదిరిన కేసుల్ని మాత్రం వదిలేయకండి

డీఅడిక్షన్ సెంటర్లకి పేషెంట్ ఎంత బాగుపడ్డాడో చూసి డబ్బులివ్వాలన్న వార్త చదివాను, ఆలోచన మంచిదే కానీ బాగుపడటం అంటే ఏంటో, దాన్ని ఎవరు లెక్కేస్తారో ముందు తేల్చాలి. మా అన్నయ్యని తాగుడు మాన్పించడానికి మూడుసార్లు చేర్పించాం, మూడుసార్లూ నెల తిరక్కుండానే నయమైపోయిందని పంపేశారు, తర్వాత ఎలా ఉన్నాడని ఒక్క ఫోన్ కూడా రాలేదు, మళ్లీ తాగుతున్నాడని మేం చెప్పినా రాసుకున్నవాళ్లు లేరు. బెడ్లు నిండితే చాలు డబ్బులొచ్చే పద్ధతిలో ఇంకేం జరుగుతుంది! అలాగని మానేసినవాళ్ల తలలు లెక్కపెట్టి ఇచ్చినా ప్రమాదమే, అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రం 1992లో నిధుల్ని పనితీరుకి ముడిపెట్టాక బాగా ముదిరిన కేసులు చేరడం తగ్గిందని పరిశోధనలో తేలింది, అసలు సాయం కావాల్సింది వాళ్లకే కదా. అక్కడే డెలావేర్ అనే ఇంకో రాష్ట్రంలో మాత్రం పేషెంట్లు సెషన్లకి ఎంత క్రమంగా వస్తున్నారో చూసి ఇచ్చారు, హాజరు పెరిగింది. అందుకే కొంత డబ్బు ఖాయంగా ఇచ్చి, మిగతాది కనీసం 3 నెలలు ట్రీట్‌మెంట్‌లో నిలబెట్టినందుకు, ఏడాది తర్వాత మనిషి ఎలా ఉన్నాడన్నదానికి ఇవ్వాలి, ఆ లెక్క సెంటర్ వాళ్లు కాకుండా బయటివాళ్లు తీయాలి, ముదిరిన కేసులకి రేటు ఎక్కువుండాలి, మళ్లీ తాగి వచ్చినవాణ్ణి తిరిగి చేర్చుకున్నందుకు ఏ సెంటర్‌కీ ఒక్క రూపాయి కూడా కోత పడకూడదు.