పాలమిడీస్ కథను పూర్తిగా చదివించినవారికి కృతజ్ఞతలు

ఆర్థర్ రాజు కొలువులో అంతగా పేరు రాని వీరుల గురించి, ముఖ్యంగా సర్ పాలమిడీస్ గురించి తెలుగులో వ్యాసాలు రాయాలని ఉందనీ, అందుకు కావలసిన పూర్తి పాఠం నా దగ్గర లేదనీ కొంతకాలం క్రితం విన్నవించుకున్నాను. ఆ విన్నపానికి నన్ను ఎరిగినవారూ ఎరగనివారూ కూడా స్పందించారు. మొదటి వ్యాసం పూర్తయింది కనుక, వారికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవడం నా ధర్మం. తమ పేర్లు రాయవద్దని కోరినందువల్ల ఎవరి పేరూ ఇక్కడ ప్రస్తావించడం లేదు.

ముందుగా గుంటూరులోని విశ్రాంత ఆంగ్లోపన్యాసకులు ఒకరికి నమస్కారం. థామస్ మాలరీ కూర్చిన ఆర్థర్ గాథలను విలియం కాక్స్టన్ 1485లో అచ్చువేశాడు. ఆ పాఠాన్ని రెండు సంపుటాలలో దాచుకున్న ఈ పెద్దాయన, ముక్కూ మొహం తెలియని నాకు వాటిని రిజిస్టర్డ్ పోస్టులో పంపించారు. పాలమిడీస్ అభిమానికి ఇది ఎంత పెద్ద సాయమో కొంచెం చెప్పాలి. మాలరీ గ్రంథంలో ఆర్థర్ వీరులలో ఒకడైన ట్రిస్ట్రమ్ కథ ఒక్కటే దాదాపు మూడో వంతు ఉంటుంది. పిల్లల కోసమో తీరిక లేని పెద్దల కోసమో గ్రంథాన్ని కుదించేవారి కత్తెర ముందుగా పడేది దాని మీదనే. పాలమిడీస్ బతుకంతా ఆ భాగంలోనే ఉండడం వల్ల, సంక్షిప్త ప్రతులలో అతడు ఒక వింత మృగం వెంట పరుగెత్తే మనిషిగా ఒకటి రెండు పుటలలో కనిపించి మాయమవుతాడు. పాము తల, చిరుతపులి ఒడలు, సింహపు పిరుదులు, లేడి కాళ్ళు ఉండి, కడుపులోంచి అరవై వేటకుక్కలు మొరిగినట్టు చప్పుడు చేసే ఆ మృగం మాత్రం అందరికీ గుర్తుంటుంది.

పూర్తి పాఠంలోని పాలమిడీస్ వేరే మనిషి. అతడు సారసెన్, అంటే ఆ కొలువు దృష్టిలో అన్యమతస్థుడు, పరాయి దేశస్థుడు. ఐర్లండులో అక్కడి రాకుమారి, తరువాత ట్రిస్ట్రమ్ ప్రేయసి అయిన ఇసోల్డ్‌ను ప్రేమించి, అక్కడి పోటీలో ట్రిస్ట్రమ్ చేతిలో ఓడి, ఏడాది పైన ఒక రోజు ఆయుధం పట్టనని మాట ఇవ్వవలసి వచ్చినవాడు. తరువాత ఎన్ని పోటీలలో గెలిచినా ఆ మొదటి ఓటమి అతణ్ణి వదలదు. ఒకచోట అతడు బావి దగ్గర ఆగి, నీళ్ళలో తన మొహం చూసుకుని, ఇంతగా వాడిపోయానేమిటని తనను తానే పేరు పెట్టి పిలుచుకుని అడుగుతాడు. ఆ పక్కనే పడుకుని ఇసోల్డ్ మీద పాట కట్టి పాడుతూ ఉండగా ట్రిస్ట్రమ్ చెవిన పడుతుంది. ప్రేమ అందరి సొత్తు, ఆమె నీకు ఎంత దొరసానియో నాకూ అంతే, అయినా నీకు దక్కింది నాకు ఎన్నడూ దక్కలేదు, దక్కబోదు కూడా అని పాలమిడీస్ ఇచ్చిన జవాబులో వాదం ఎంత ఉందో వేదన అంత ఉంది. ఆ ఘట్టంలో పాత వ్యాకరణం నాకు కొరుకుడు పడనప్పుడు ఉపన్యాసకులవారు ఫోనులో వాక్యం వాక్యం చదివి వినిపించి, ఎక్కడ ఆగాలో, ఎవరి మాట ఎక్కడ ముగిసిందో విసుక్కోకుండా చెప్పారు.

చివరి పోరు గురించి కూడా ఒక మాట. క్రీస్తు పేరిట ఏడు యుద్ధాలు చేశాకనే జ్ఞానస్నానం తీసుకుంటానని మొక్కుకున్న పాలమిడీస్‌కు అప్పటికి ఒక్కటి మిగిలి ఉంటుంది. అది ట్రిస్ట్రమ్‌తోనే జరుగుతుంది. కత్తి చేజారి పడితే, వంగి తీసుకోబోతే ప్రాణం పోతుందని తెలిసి, దానివైపు దిగులుగా చూస్తూ నిలబడిపోతాడు. నిరాయుధుణ్ణి చంపాడన్న అపకీర్తి తనకు వద్దు, కత్తి తీసుకొమ్మంటాడు ట్రిస్ట్రమ్. నేను చేసిన నేరమల్లా ప్రేమించడమే, నాకు వచ్చిన పేరులో ఎక్కువ పాలు ఆమె వల్ల వచ్చినదే అని పాలమిడీస్ అంటాడు. ఇద్దరూ కలిసి కార్లైల్ బిషప్పు దగ్గరికి వెళతారు, ట్రిస్ట్రమ్ అతని జ్ఞానపితలలో ఒకడవుతాడు. ఇంత జరిగాక కూడా మన వీరుడు చేసిన పని మళ్ళీ ఆ మృగం వెంట బయలుదేరడం! ఇందుకే ఇతడంటే నాకు ప్రాణం. గాలహాడ్ వంటి మచ్చలేని వీరుడికి దండం పెట్టవచ్చునేమో గాని, బెంగ పెట్టుకోవడం కష్టం.

సౌతాంప్టన్‌లో నర్సుగా పనిచేస్తున్న తెలుగు సోదరి ఒకరు సెలవు రోజున వించెస్టర్ వెళ్ళి, అక్కడి గ్రేట్ హాల్ గోడకు వేలాడే, ఆర్థర్ వీరుల బల్లగా పేరుబడ్డ గుండ్రని బల్లను భాగం భాగంగా ఫొటోలు తీసి పంపారు. ఓకు చెక్కతో 13వ శతాబ్దిలో చేసిన ఆ బల్లకు ఇప్పుడు కనిపించే రంగులు ఎనిమిదో హెన్రీ కాలంలో వేశారు. ఆకుపచ్చ, తెలుపు పట్టీల అంచున ఆర్థర్ కాక మరి 24 మంది పేర్లు ఉన్నాయి. వారిలో పాలమిడీస్, అతని తమ్ముడు సఫీర్ ఉన్నారని స్వయంగా చదువుకునే భాగ్యం ఆమె వల్ల కలిగింది. బల్ల చాలా ఎత్తున ఉండడంతో అక్షరాలు స్పష్టంగా పడే దాకా ఆమె ఓపికగా మళ్ళీ మళ్ళీ తీశారు. అన్నట్టు, తన కోసం ముగ్గురు వీరులతో తలపడతావా అని ఇసోల్డ్ అడిగితే, మీరు ఆర్థర్ భార్య గ్వినివీర్ రాణికన్నా అందగత్తెలే గాని ముగ్గురితో మాత్రం నావల్ల కాదని మొహం మీదే చెప్పిన ఘనుడు ఆ కొలువులోని హాస్యప్రియుడు డినడాన్. అతని మీద రెండో వ్యాసం రాస్తున్నాను.

నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్న మరొక మిత్రుడు హేగ్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్న ఆర్థర్ కొలువులో మేటి వీరుడైన లాన్సలాట్ గాథల 14వ శతాబ్దపు రాతప్రతి గురించి, అందులోని మోరియన్ కథ గురించి వివరాలు అందించారు. తండ్రి అగ్లొవాల్‌ను వెతుక్కుంటూ వచ్చిన నల్లని వీరుడు మోరియన్. అతణ్ణి చూసి పడవవాళ్ళు పారిపోవడం, చివరికి అతడు తల్లిదండ్రులకు పెళ్ళి జరిపించడం ఆ కథలో ఉన్నాయి. ఈ మిత్రుడే జర్మన్ కవి వోల్ఫ్రామ్ కావ్యంలోని ఫైరఫిజ్‌ను కూడా గుర్తుచేశారు. నలుపూ తెలుపూ మచ్చలున్న మేనితో పుట్టిన ఆ వీరుడు పార్జివాల్‌కు సవతి అన్న. పోరులో తమ్ముడి కత్తి విరిగితే తన కత్తిని కూడా విసిరి పారేసిన ఉదారుడు. కావ్యం చివర అతడు భార్యతో ఇండియాకు వస్తాడనీ, తూర్పుదేశాన్ని ఏలేవాడని ఐరోపావారు నమ్మిన క్రైస్తవ రాజు ప్రెస్టర్ జాన్ వారి కొడుకేననీ కవి చెప్పాడు. మధ్యయుగపు ఐరోపా ఊహలోని ఇండియాకు మన నేలకు పెద్దగా పోలిక లేకపోయినా, ఇక్కడి పాఠకులకు ఆ ముగింపు సరదాగా ఉంటుందని దానిని వ్యాసంలో చేర్చాను.

ఎక్కడో ఇంగ్లండు వీరులతో నీకేం పని అని అడిగిన బంధువులకు, కౌరవులలో పుట్టి పాండవుల పక్షాన నిలిచిన యుయుత్సుణ్ణి తలచుకునేవారు మనలో లేరా అని జవాబు చెప్పాను. వారు సమాధానపడలేదు గాని, చిత్తుప్రతి చదివి అచ్చుతప్పులు దిద్దిపెట్టారు. వారికీ కృతజ్ఞతలు.

గుంటూరు నుంచి వచ్చిన సంపుటాలను డినడాన్ వ్యాసం కాగానే పోస్టులో కాకుండా నేనే తీసుకువెళ్ళి ఇస్తాను. లోనజెప్ పోటీలో పాలమిడీస్ కావాలని లాన్సలాట్ గుర్రాన్ని నరికిన పనిని మాత్రం క్షమించలేనని ఉపన్యాసకులవారు పట్టుదలగా ఉన్నారు. చూస్తున్న జనం కూడా అది వీరోచితం కాదనే అరిచారని నాకు తెలుసు. ఆ విషయం ఎదురుగా కూర్చుని తేల్చుకుందామని కాఫీకి పిలిచారు.