నీళ్ళు రావని చెప్పొచ్చట, ఎందుకు రావో అడగొద్దట

ఎడిటర్ సార్‌కు నమస్కారం,

నేను ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైరయిన, మాది జహీరాబాద్ దిక్కు ఝరాసంగం మండలం. టికెట్ల లెక్క రాసిన చెయ్యి సార్ ఇది, లెటర్లు రాసుడు అలవాటు లేదు, తప్పులుంటే మీరే సర్దుకోండ్రి. ఫిబ్రవరి 13 నాడు రేడియో దినోత్సవం అని మీ పేపర్ల పాత రేడియో బొమ్మ వేసి, సిలోన్ పాటలు, క్రికెట్ కామెంట్రీ, అవన్నీ గుర్తు చేసిన్రు. చదివి నేను గూడ మురిసిన, మా ఇంట్ల గూడ అసొంటిదే ఉండె. కానీ అది మొత్తం సచ్చిపోయినోళ్ళ గురించి రాసినట్టే ఉంది సార్, రేడియో అంటే అయిపోయిన ముచ్చట అన్నట్టు. మా పక్కన్నే ఉన్న మాచ్‌నూర్ గురించి ఒక్క లైన్ లేకపాయె, అందుకే ఈ లెటర్.

తెల్వనోళ్ళ కోసం చెప్తున్న, 2008 అక్టోబర్ 15 నాడు మాచ్‌నూర్‌ల సంఘం రేడియో మొదలైంది, 90.4 ఎఫ్‌ఎం. పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది, దాని సంఘాలల ఉన్న దళిత ఆడోళ్ళు నడిపిన రేడియో అది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అని ఇద్దరు రికార్డింగ్ కాడికెళ్ళి అన్నీ వాళ్ళే చూస్కుంటుండె. ఊరోళ్ళ రేడియో అంటే దేశంల అదే ముందుగాల, ఎక్కడెక్కడి పేపరోళ్ళో వచ్చి ఫోటోలు తీస్కొని పోయిన్రు. ఓపెనింగ్‌కు జస్టిస్ పి.బి. సావంత్ వచ్చిండు. ఆయన ఎవరంటే 1995ల రేడియో, టీవీ పోయే గాలి తరంగాలు సర్కారు సొత్తు కాదు, జనం సొత్తు అని సుప్రీంకోర్టుల జడ్జిమెంట్ ఇచ్చిన జడ్జి. ఆ కేసు గూడ నవ్వొచ్చేటిది సార్, క్రికెట్ మ్యాచ్ ఎవరు టీవీల చూపియ్యాలె అని బెంగాల్ క్రికెట్ సంఘానికి, సర్కారుకు పంచాయితి. క్రికెట్ పంచాయితిల పేదోళ్ళకు రేడియో దొరికింది!

దొరికింది అన్న గానీ ఉత్తగ దొరకలే. మాచ్‌నూర్‌ల 1998 కాడికే యునెస్కో సాయంతోని స్టూడియో తయారైంది, కానీ లైసెన్స్ లేదు. ఈ ఆడోళ్ళు ఏం చేసిన్రంటే పదేండ్లు క్యాసెట్ల మీద రికార్డ్ చేసి, ఆ క్యాసెట్లు పట్టుకపోయి ఊర్లల్ల సంఘం మీటింగ్‌లల్ల టేప్ పెట్టి వినిపించిన్రు. గాలిల పంపొద్దంటే సంచిల పెట్టి పంపిన్రు అన్నట్టు. ఈ లోపల సర్కారు ముందుగాల కాలేజీలకు పర్మిషన్ ఇచ్చింది, 2004ల చెన్నైల అన్నా యూనివర్సిటీ రేడియో వచ్చింది, అంటే చదువుకున్నోళ్ళకు ముందు, వేలిముద్రోళ్ళకు తర్వాత. 2006 నవంబర్ల గానీ స్వచ్ఛంద సంస్థలకు రూల్ రాలె. కర్నూలు జిల్లా ఓర్వకల్లుల పొదుపు సంఘాల ఆడోళ్ళు ఆగలేక 2002ల ‘మన రేడియో’ అని చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకున్నరు, అర కిలోమీటర్ గూడ పోదు దాని సౌండ్, ఆ మాత్రం దానికే 2003ల ఆఫీసర్లొచ్చి సామాన్ తీస్కపోయిన్రు. అర కిలోమీటర్ సార్! మా ఊర్ల దండోరా అంతకన్న దూరం పోతది.

ఇగ నేను చెప్పదల్చుకున్న ముచ్చటకు వస్త. నేను ఏండ్లకేండ్లు బస్సుల నిలబడి జనం మాట్లాడేది విన్న. పొద్దున ఫస్ట్ ట్రిప్పుల కూలి రేటు ముచ్చట, మాపటి ట్రిప్పుల తహసీల్ ఆఫీస్ చుట్టు తిరిగి తిరిగి ఒస్తున్నోళ్ళ తిట్లు. రేషన్ ఎందుకు తక్కువ తూగింది, పాస్‌బుక్కుల నా పేరు ఎట్ల తప్పు పడ్డది, ఆ ఊర్ల బోనాలకు మమ్ముల ఎందుకు అవుతల నిలబెట్టిన్రు, ఇవన్నీ బస్సుల మాట్లాడుతరు. ఎవ్వరూ వద్దనరు. అదే మాట అదే మనిషి అదే యాసల మైకు ముందట కూసొని మాట్లాడితే మాత్రం రూల్ అడ్డమొస్తది.

ఏం రూల్ అంటరా? కమ్యూనిటీ రేడియోల, అంటే ఇసొంటి ఊరోళ్ళ రేడియోల, వార్తలు, కరెంట్ అఫైర్స్ (జరుగుతున్న సంగతుల మీద చర్చలు) సొంతంగ చెయ్యొద్దు. ఆకాశవాణి వార్తలు కావాల్నంటే ఉన్నది ఉన్నట్టు వేసుకోవచ్చు, అంటే ఢిల్లీల ఏమైందో మా ఊరి రేడియోల చెప్పొచ్చు, మా ఊర్ల ఏమైందో మా ఊరి రేడియోల చెప్పొద్దు! మరి వానలు, కరెంటు, నీళ్ళ సప్లై, పరీక్షలు, జాతర్లు, ఉద్యోగాల ప్రకటనలు, ఇవి వార్తలు కావని సర్కారే లిస్టు ఇచ్చింది, అవి చెప్పుకోవచ్చు. గిదే నాకు అర్థం కాదు. రేపు నీళ్ళు రావు అని చెప్తే ప్రకటన, పది రోజుల సంది ఎందుకు వస్తలేవు అని ఒకామె అడిగితే అది వార్తనా? ఆమె అడిగినదానికి సర్పంచ్ జవాబు చెప్తే కరెంట్ అఫైర్సా? గీత ఎక్కడుందో రేడియో నడిపేటోళ్ళకు గూడ తెల్వదు. తెల్వనప్పుడు ఏం చేస్తరు, లైసెన్స్ పోతదని భయపడి ఆ ముచ్చటనే ఎత్తరు. ఎవరొచ్చి ఆపే పనే లేదు సార్, వాళ్ళంతల వాళ్ళే ఆపుకుంటరు.

2019ల ఆర్టీసీ సమ్మె యాదికుందా, 52 రోజులు. నేను అప్పటికే రిటైరయిన, కానీ మనసు డిపోల్నే ఉండె. అసొంటి టైంల ఊరి రేడియో ‘ఇయ్యాల బస్సు లేదు’ అని చెప్పొచ్చు. డ్రైవర్ ఎందుకు స్టీరింగ్ వదిలిండు, పనికి పోలేకపోయిన కూలామె ఏమంటున్నది, కాలేజికి పోయే పిల్ల ఏమంటున్నది, ముగ్గుర్ని ఒక్క దగ్గర కూసోబెట్టి మాట్లాడిపిస్తే మాత్రం రూల్ దాటినట్టు. టీవీలల్ల అప్పుడు రాత్రిపగలు డిబేట్లే, ఒకలు మాట్లాడుతుంటే నలుగురు అరుసుడు, వాళ్ళకేమో ఏ అడ్డు లేదు. ఇప్పుడైతే ఫోన్ ఉన్న ప్రతి పిలగాడు యూట్యూబ్ చానల్ పెట్టి జిల్లా మొత్తం వార్తలు చెప్తున్నడు, అది నిజమో అబద్ధమో అడిగేటోడు లేడు. పేరు, అడ్రస్, రిజిస్ట్రేషన్ అన్నీ ఇచ్చి, ప్రోగ్రాములన్నీ మూడు నెలలు దాచిపెట్టి, 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ తోని పది పదిహేను కిలోమీటర్లకు మించి పోని రేడియోనే ప్రమాదమట.

2024ల రూల్స్ మార్చిన్రు, నేను ఆశపడ్డ. చూస్తే యాడ్స్ టైం గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు పెంచిన్రు. మంచిదే, కరెంటు బిల్లు కట్టాలె కదా. వార్తలకు మాత్రం ఒక్క నిమిషం ఇయ్యలే. సబ్బు గురించి చెప్పొచ్చు, సబ్బు రేటు గురించి అడగొద్దు.

ఇంకో మాట. ఉద్యమం, నిరసన అనంగనే మనకు జెండాలు, రాస్తారోకోలే యాదికొస్తయి. మాచ్‌నూర్ రేడియోల నేను విన్నవి ఎక్కువ ఎవుసం ముచ్చట్లే, తైదలు, కొర్రలు, సామలు, ఏ గింజ బూడిదల కలిపి దాస్తే పురుగు పట్టదు, ఏ పండుగకు ఏ పాట. మొదట్ల నాకు గూడ అనిపించింది, దీంట్ల ఏమున్నది, మా అమ్మ చెప్పిందే కదా అని. తర్వాత తర్వాత అర్థమైంది. మా దిక్కు ఎర్ర నేలలు, వానదేవుడి మీద బతుకు, ఇసొంటి దగ్గర ఎకరమో రెండెకరాలో ఉన్న ఒక పేద ఆడామె ‘నేను దుకాణంల విత్తనం కొన, నా ఇంట్ల ఉంది, నీకు కావాల్నంటే నేనే ఇస్త’ అని పది ఊర్లకు వినపడెటట్టు చెప్పుడు చిన్న మాటనా? ఒకప్పుడు ఆమెకే దొర ఇంటి ముందల తల ఎత్తి మాట్లాడే ధైర్యం లేకుండె. 2002, 2003ల వరంగల్ దిక్కు బీటీ పత్తి పెట్టి నష్టపోయిన రైతుల దగ్గరికి ఈ సంఘాల ఆడోళ్ళే కెమెరా పట్టుకొని పోయి అడిగి తీసిన్రు. అడుగుడు నేర్చుకున్న నోరది, దానికే తాళం ఏస్తున్నరు.

మా తమ్ముని కొడుకు జర్నలిజం చదివిండు, వానితోని ఈ ముచ్చట పెడితే వాడు నాతోని కొట్లాటకు వచ్చిండు. పెద్దనాన్న, ఆఫ్రికాల రువాండా దేశంల 1994 నరమేధం అప్పుడు రేడియోల్నే పేర్లు చదివి చంపుమని చెప్పిన్రు, రేడియో చేతుల పెడితే గట్ల గూడ అయితది అన్నడు. నిజమే, నేను కాదన. మన ఊర్లల్ల గూడ కులం ఉంది, పెద్దమనుషులు ఉన్నరు, రేపు వార్తలకు పర్మిషన్ ఇస్తే ముందుగాల మైకు గుంజుకునేది వాళ్ళే కావచ్చు, ఎలక్షన్ టైంల అయితే చెప్పనే అక్కర్లేదు. దానికి నా దగ్గర మొత్తం జవాబు లేదు. కానీ రువాండాది ఊరోళ్ళు నడుపుకున్న రేడియో కాదురా, అధికారంల ఉన్నోళ్ళ మనుషులు పెట్టిన కంపెనీ రేడియో అది అని నేనన్న. రాజకీయ పార్టీలకు, వాళ్ళ అనుబంధ సంఘాలకు లైసెన్సే ఇయ్యొద్దని మన రూల్ల ముందే ఉంది. ఎవడన్న విషం కక్కితే రికార్డింగ్ ఉంటది, లైసెన్స్ గుంజుకోండ్రి, కేసు పెట్టుండ్రి. ఒకడు తాగి గొడవ చేసిండని బస్సే బంద్ పెడ్తమా?

ఆ పిలగాడే నేపాల్ సంగతి గూడ చెప్పిండు. అక్కడ రేడియో సాగరమాత అని 1997 సంది ఉంది, వార్తలు గూడ చెప్తరు. 2005ల రాజు అధికారం చేతుల తీస్కొని ఎఫ్‌ఎంలల్ల వార్తలు బంద్ పెట్టిండట, చదవొద్దంటే కొందరు వార్తల్ని పాట కట్టి పాడిన్రట! నాకు మస్తు నవ్వొచ్చింది, మనకు తెల్వని విద్యనా అది, నైజాం జమానల బుర్రకథల మీద నిషేధం పెట్టింది గందుకే కదా. అవసరమైతే మా ఆడోళ్ళు నీళ్ళ ట్యాంకు మీద గూడ పాట కడ్తరు, ఆ రోజు రావొద్దనే ఈ లెటర్.

మీ పేపర్ తరఫున ఢిల్లీ సమాచార శాఖోళ్ళను ఒక్క మాట అడగండ్రి సార్, దేశంల ఇసొంటి రేడియోలు ఇప్పుడు 500 దాక ఉన్నయంటున్నరు, కనీసం ఊరి పంచాయితి, బడి, దవాఖాన, రేషన్, ఉపాధి హామీ కూలి, వీటి మీద ఊరోళ్ళు ప్రశ్న అడిగి జవాబు వినుడు వార్త కిందికి రాదని రాతల ఇయ్యమనండ్రి, గంత చాలు మొదలుకు.

ఇంకోటి మీ చేతుల్నే ఉంది. జిల్లా పేజీల రోజు బంగారం రేటు వేస్తరు, మార్కెట్ల ఉల్లిగడ్డ రేటు వేస్తరు, దాని పక్కన మన జిల్లాలల్ల ఏ రేడియో ఏ నంబర్ మీద ఎన్ని గంటలకు వస్తదో రెండు లైన్లు వెయ్యండ్రి. నేను కొత్త ఫోన్ తీస్కున్న, దాండ్ల ఎఫ్‌ఎమ్మే లేదు, దుకాణపాయన ఇప్పుడు ఎవరు వింటున్నరు అంకుల్ అన్నడు. పాత డబ్బా ఫోన్‌ల ఇయర్‌ఫోన్ పెడితే వస్తది, అదొక్కటి దాచిన.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
ఝరాసంగం మండలం, సంగారెడ్డి జిల్లా