మార్కెట్ లేదన్న మాట మింగుడుపడలేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం క్రీడల పేజీలో ఆ వ్యాసం చదివి పది రోజులవుతోంది. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వంటి ఊళ్లకు సొంత జట్లు లేకపోవడానికి తగిన మార్కెట్ లేకపోవడమే కారణమని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లల చేత కబడ్డీ ఆడించిన నాకు ఆ మాట మింగుడుపడలేదు.

మొన్న వేసవిలో మనవణ్ని ఐపీఎల్ క్రికెట్ చూపించడానికి హైదరాబాద్‌లోని ఉప్పల్ స్టేడియానికి తీసుకెళ్లాను. ఆట ముగిసేసరికి రాత్రి పదకొండున్నర. కూడలిలో గంటకు పైగా నిలబడితే దొరికిన బస్సులో కాలు పెట్టే చోటు లేదు. అందరూ జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట కుర్రాళ్లే. పిల్లవాడు నారింజ రంగు జెండా చుట్టుకుని నా భుజం మీదే నిద్రపోయాడు. హనుమకొండలో దిగేసరికి మూడున్నర. మార్కెట్ అంటే ఆ బస్సులోని వాళ్లు కాక ఇంకెవరు?

డబ్బు లెక్క తెలియక అనడం లేదు. 2021లో ఐపీఎల్ రెండు కొత్త జట్లను వేలం వేస్తే లక్నో 7,090 కోట్లకు, అహ్మదాబాద్ 5,625 కోట్లకు పోయాయి. అంత పెట్టేవాడు విమానాశ్రయం, పెద్ద హోటళ్లు, ఫ్లడ్‌లైట్ల స్టేడియం ఉన్న ఊరే చూసుకుంటాడు. వరంగల్ పక్కన మామునూరులో విమానం ఎప్పుడు దిగుతుందా అని ఎదురుచూసే మాకు అది అందని పండే. కానీ 2023 నుంచి 2027 వరకు ఆ పోటీల ప్రసార హక్కులు 48,390 కోట్లు పలికాయి. మా ఇళ్లలో టీవీలు మోగితేనే కదా అంత ధర వచ్చింది! పెద్ద నగరమైతే చాలనుకోవడమూ పొరపాటే. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు డబ్బుకు కటకటలాడి, చివరికి 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

అమెరికాలో గ్రీన్ బే అనే ఊరి జనాభా లక్ష పైచిలుకు, మన హనుమకొండ, కాజీపేట కలిపితే అంతకు మించుతుంది. అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్యాకర్స్‌కు యజమాని ఒక కోటీశ్వరుడు కాదు. 1923 నుంచి జనమే వాటాలు కొని నిలబెట్టుకున్నారు. ఆ వాటాల మీద పైసా లాభం రాదు, అయినా ఇప్పటికి వాటాదారులు అయిదు లక్షలు దాటారు. టీవీ డబ్బును ఆ జట్టు ఆడే లీగ్ అన్ని జట్లకూ సమానంగా పంచుతుంది కాబట్టి చిన్న ఊరు పెద్ద నగరాల ముందు నిలబడగలిగింది.

అంత దూరం ఎందుకు, తమిళనాడును చూడండి. 2016లో మొదలైన వాళ్ల రాష్ట్ర టీ20 లీగ్‌లో దిండిగల్ పేరుతో కూడా జట్టుంది. సేలం జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన నటరాజన్ ఆ లీగ్‌లోనే అందరి కంటా పడ్డాడు, తర్వాత ఏళ్ల తరబడి మన హైదరాబాద్ జట్టుకే బౌలింగ్ చేశాడు. మన జిల్లాల పిల్లలకు అలాంటి మెట్టు ఏదీ?

ఆటలు తెలియని ఊరా ఇది? 2021 సెప్టెంబరులో మన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ట్రాక్ మీదే హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, సునీతా రాణి పేరిట 19 ఏళ్లుగా ఉన్న జాతీయ రికార్డును తిరగరాసింది. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. ఆమె కూడా శిక్షణకు హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. పతకం రాగానే దండలు పట్టుకుని వరుస కట్టిన పెద్దలు మైదానాల వైపు తిరిగి చూడరు.

నేను రోజూ నడిచే మైదానం సంగతే చెబుతాను. పోయిన నెల అక్కడ ఒక సభ జరిగింది. పందిరి గుంజలు పీక్కుపోయారు, గుంతలు వదిలేశారు. జానెడు లోతు గుంతలో కాలు పడి తొమ్మిదో తరగతి అమ్మాయి మడమ బెణికింది. రాసిచ్చిన అర్జీకి జవాబు రాకపోతే పిల్లలూ నేనూ తట్టలతో మట్టి మోసి కొన్ని పూడ్చాం. వ్యాయామ ఉపాధ్యాయుడు లేని బడులు, మైదానం లేని కళాశాలల గురించి రాయాలంటే మీ పేజీ చాలదు.

మాకు రేపే ఐపీఎల్ జట్టు కావాలని అడగడం లేదు. ముందు పాత పది జిల్లాల పేరుతో కబడ్డీ, క్రికెట్ జట్లు కట్టి, జిల్లా కేంద్రాల్లోనే పోటీలు పెట్టి, టికెట్ అమ్మి చూడండి. జనం వస్తారో రారో అప్పుడు రాద్దురుగాని. అంతకన్నా ముందు మీ విలేకరిని ఒకరోజు ఉదయం అయిదున్నరకు పంపండి. పూడ్చగా మిగిలిన గుంతలు నేనే దగ్గరుండి చూపిస్తాను.

- ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, హనుమకొండ