పంది ఊపిరితిత్తుల మ్యాప్ డబ్బు దండగ కాదు

ఎడిటర్ గారికి,

పంది ఊపిరితిత్తుల్లో ఏ కణంలో ఏ జన్యువు పనిచేస్తోందో మ్యాప్ తయారుచేస్తున్నారంటే, "ఇదీ ఒక పరిశోధనేనా" అని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ. కాస్త ఆగండి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటే ఊపిరితిత్తుల్లో చిక్కటి శ్లేష్మం పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు, సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు చెడితే వస్తుంది. ఆ జన్యువును ఎలుకల్లో చెడగొట్టి చూస్తే వాటికి మనుషులకొచ్చే తరహా ఊపిరితిత్తుల జబ్బు రాలేదు, అదే జన్యువు లేని పందుల్ని 2008లో పుట్టిస్తే వాటికి వచ్చింది. శ్లేష్మం తయారుచేసే గ్రంథులు ఎలుకకు శ్వాసనాళం పైభాగంలోనే ఉంటాయి, పందికి మనలాగే లోపలి గొట్టాల్లో కూడా ఉంటాయి మరి.

పనేమీ తేలిక కాదు. ఊపిరితిత్తి ముక్కను ఎంజైములతో నానబెట్టి కణాల్ని విడదీస్తారు, ఒక్కోదాన్ని నూనెలో తేలే ఒక్కో నీటిబొట్టులో బంధించి, ఏ కణానిదో గుర్తుపట్టే బార్‌కోడ్ తగిలించి, ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చెప్పే ఆర్‌ఎన్‌ఏను చదువుతారు. ఈ విడదీయడంలోనే గాలి తిత్తుల గోడల్లో ఉండే పలచటి టైప్-1 కణాలు చాలావరకు చితికిపోతాయి, కాబట్టి మ్యాప్‌లో కనిపించిన లెక్కే అసలు లెక్క అనుకుంటే బోల్తా పడతాం.

పంది అచ్చం మనిషేం కాదు. దాని ఊపిరితిత్తుల రక్తనాళాల్లో తిష్ఠవేసుకుని ఉండే మాక్రోఫేజ్‌లు (క్రిముల్ని మింగేసే రక్షక కణాలు) మనకు మామూలుగా ఉండవు. చైనాలో జన్యువులు మార్చిన పంది ఊపిరితిత్తిని బ్రెయిన్ డెడ్ అయిన వ్యక్తికి అమర్చితే 9 రోజులు పనిచేసిందని, అయినా శరీరం దాన్ని తిరస్కరించే లక్షణాలు కనిపించాయని 2025లో ప్రకటించారు. ఆ గొడవ ఏ కణం దగ్గర మొదలైందో పట్టుకోవాలంటే ముందు ఈ మ్యాప్ చేతిలో ఉండాలి కదా! ఆపరేషన్ వార్తలకిచ్చే చోటులో సగమైనా దీనికివ్వండి.

- ఓ పాఠకుడు