మన గ్రూప్ 2024 వార్షిక నివేదిక: అమెరికాలోని ఒరెగాన్ తీరంలో పీతలు, గాలాలు

మెంబర్లందరికీ నమస్కారం. పోయిన ఏడాది ఏం చేశాం, ఎక్కడ తప్పు చేశాం, ఈ ఏడాది ఏం మార్చుకోవాలి, ఇవన్నీ కమిటీ తరఫున ఒక్కచోట రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, కానీ పిల్లల్ని తీసుకుని వచ్చే ప్రతి ఇంట్లో ఒక్కరైనా పూర్తిగా చదవండి ప్లీజ్.

2024లో మొత్తం ఆరు ట్రిప్పులు అనుకున్నాం, ఐదు వెళ్ళాం, ఒకటి క్యాన్సిల్ చేశాం. మార్చిలో సర్ఫ్‌పర్చ్ అనే ఒడ్డు అలల్లో తిరిగే చేపల కోసం ఇసుక బీచ్‌కి వెళ్ళాం, జులై, ఆగస్టుల్లో పీతలకి, అక్టోబర్‌లో మళ్ళీ పీతలకి, డిసెంబర్‌లో ఆఖరిది. మేలో పెట్టుకున్నది ఆగిపోయింది, ఎందుకో కింద చెప్తాను.

ముందు అసలు విషయం. మన ట్రిప్ క్యాలెండర్ మార్చాలి. ఇన్నేళ్ళూ మనం జులై ఆగస్టుల్లోనే ఎక్కువ వెళ్తున్నాం, పిల్లలకి సెలవులు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు, ఎండ ఉంటుంది, అన్నీ కుదురుతాయి, ఒక్క పీతలకే కుదరదు. మనం పట్టే పెద్ద పీతలు డంజనెస్ రకం, వాటిలో మగవి ఎక్కువగా వేసవి చివర్లో పెంకు మార్చుకుంటాయి, కొత్త పెంకు పెద్దదిగా ఉంటుంది కానీ లోపల కండ ఇంకా పట్టదు, నీళ్ళే ఉంటాయి, నిండడానికి కొన్ని వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది. ఆగస్టులో యాక్వినా బేలో (బే అంటే నది కలిసే చోట లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) అదే అయింది. కొలత పెడితే అన్నీ ఉంచుకోవడానికి కావాల్సిన ఐదు ముప్పావు అంగుళాలు దాటాయి, అందరం సంబరపడి తెచ్చుకున్నాం, ఇంటికొచ్చి వండితే కాళ్ళలో ఏమీ లేదు, ఒక డజన్ పీతలకి ఒక గిన్నె కండ కూడా రాలేదు. అవే పీతల్ని ఆ రోజు వదిలేసి ఉంటే అక్టోబర్‌కి నిండుగా ఉండేవి కదా అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. మన ఊళ్ళల్లో అమావాస్య పీత నిండుగా ఉంటుంది, పౌర్ణమి పీత గుల్ల అంటారు చూడండి, ఇక్కడ తిథి కంటే నెల చూసుకోవాలి. వెనక కాలు వేళ్ళతో నొక్కితే వంగిందంటే గుల్ల పీత. రూల్ ప్రకారం ఉంచుకోవచ్చు, కానీ ఇక నుంచి మన గ్రూప్ ట్రిప్పుల్లో గుల్ల పీతని వెనక్కి వదిలేయాలని కమిటీ నిర్ణయం.

అక్టోబర్ ట్రిప్ మాత్రం చాలా బాగా జరిగింది. సముద్రంలో సరదా క్రాబింగ్ అక్టోబర్ 16 నుంచి నవంబర్ 30 దాకా మూసేస్తారు కానీ బేలు, డాక్‌లు, జెట్టీలు, బీచ్‌లు ఏడాదంతా తెరిచే ఉంటాయి, ఇది చాలామందికి తెలియక నవంబర్ అంతా ఇంట్లో కూర్చుంటున్నారు. ఈసారి టైడ్ టేబుల్ చూసుకునే వెళ్ళాం. పోటు పూర్తిగా వచ్చి నీళ్ళు నిలబడే టైమ్‌కి గంట ముందు నుంచి గంట తర్వాత దాకా రింగులు (ఎర కట్టి తాడుతో దించి లాగే వలలు) వేశాం, నీళ్ళు జోరుగా పారుతుంటే పీత నేలకి అంటిపెట్టుకుని ఉంటుంది తప్ప ఎర దగ్గరికి నడిచి రాదు. ఇరవై నిమిషాలకోసారి లాగాం, ఎరగా చికెన్ కాళ్ళే వాడాం, చేప ముక్కలు కడితే సీల్స్ వచ్చి ఎర మొత్తం లాగేస్తాయి, చికెన్ జోలికి అంతగా రావు. పొద్దున్నంతా డాక్ మీద పిల్లలే తాడు లాగారు, వాళ్ళే కొలత పెట్టారు, వాళ్ళే ఆడ పీతల్ని ఏరి నీళ్ళల్లోకి వదిలారు.

డిసెంబర్‌లో దానికి రివర్స్. వాల్డ్‌పోర్ట్ దగ్గర ఆల్సీ బేకి వెళ్ళాం, అంతకు ముందు రెండు మూడు రోజులు కుండపోత వాన, నది మట్టి రంగులో వస్తోంది, నాలుగు గంటలు రింగులు వేసి లాగితే ఉంచుకోదగ్గది ఒక్కటి కూడా రాలేదు. మాతో వచ్చిన ఒక మెంబర్ వాళ్ళ నాన్నగారు, పాలకొల్లు వైపు ఆయన, నీళ్ళు చూడగానే ఇవాళ పడవు బాబూ అన్నారు, వరద తీపి నీళ్ళు దిగితే గోదావరి మొగలో కూడా పీత సముద్రం వైపు జరిగిపోతుందట. ఆయన మాట ముందే వినాల్సింది. వానాకాలంలో వెళ్ళాలంటే నెటార్ట్స్ బే మంచిది, అందులోకి పెద్ద నది ఏదీ కలవదు, చిన్న వాగులే, కాబట్టి శీతాకాలం వానల్లో కూడా నీళ్ళు ఉప్పగానే ఉంటాయి. కాకపోతే అక్కడ పడవ కావాలి.

పడవ అంటే ఒక మాట. పన్నెండేళ్ళు, ఆ లోపు పిల్లలకి పడవ కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, అది చట్టం. మన గ్రూప్‌లో పెద్దవాళ్ళకి కూడా అదే రూల్, ఈత వచ్చినా సరే. బే దాటి బార్ వైపు, అంటే బే సముద్రంలో కలిసే చోట పెద్ద అలలు లేచే ఇసుక మేట వైపు, ఎవ్వరూ వెళ్ళకూడదు, టిల్లమూక్ బార్ మీద ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళే పోయారు.

మార్చి ట్రిప్ గురించి రాయడం నాకు కష్టంగానే ఉంది. సర్ఫ్‌పర్చ్ బాగానే పడ్డాయి, పోటు ఎక్కుతున్నప్పుడు అలల మధ్య లోతుగా కనపడే గుంటల్లోకి గాలం వేస్తే దొరుకుతాయి, రోజుకి పదిహేను దాకా ఉంచుకోవచ్చు, కానీ ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి, వసంతంలో దొరికే పెద్ద ఆడ చేపల కడుపులో పిల్లలు ఉంటాయి, అందుకని వాటిని వదలమని అందరికీ చెప్పాం, వదిలారు. అంతవరకు బాగుంది. మధ్యాహ్నం ఒక మెంబర్ సముద్రానికి వీపు పెట్టి ఎర కడుతున్నాడు, అంతసేపూ మోకాళ్ళ దాకా కూడా రాని అల ఒక్కసారిగా నడుము దాకా వచ్చి పడేసింది. పక్కన ఇద్దరు ఉండబట్టి చొక్కా పట్టుకుని లాగారు. రాడ్ పోయింది, ఫోన్ పోయింది, మనిషి మిగిలాడు. 2020 జనవరిలో ఫాల్కన్ కోవ్ దగ్గర ఇలాంటి అలే ఒక తండ్రినీ ఇద్దరు పిల్లల్నీ లాక్కుపోయింది, పిల్లలు దక్కలేదు. అందుకే ఈ ఏడాది నుంచి ప్రతి బీచ్ ట్రిప్‌లో గాలం పట్టుకోకుండా సముద్రాన్నే చూస్తూ ఒకరు నిలబడతారు, గంటకి ఒకరు మారతారు. ముందు రోజు రాత్రి వేవ్ ఫోర్‌కాస్ట్ చూసి, కమిటీ వద్దంటే ట్రిప్ క్యాన్సిల్, పార్కింగ్ దాకా వచ్చేశాం కదా అనే వాదన ఉండకూడదు.

ఇక మే నెల సంగతి. మే ఆఖరి వారంలో మస్సెల్స్‌లో (రాళ్ళకి అంటుకుని ఉండే ఆల్చిప్పల్లాంటివి) పారలిటిక్ షెల్‌ఫిష్ పాయిజనింగ్ అనే పక్షవాతం తెప్పించే విషం ఎక్కువగా ఉందని ఒరెగాన్ తీరం మొత్తం మస్సెల్స్ కోయడం ఆపేశారు, షార్ట్ బీచ్, హగ్ పాయింట్ దగ్గర తెచ్చుకుని తిన్నవాళ్ళల్లో ఇరవై మందికి పైగా జబ్బు పడ్డారు. పీతలకి నిషేధం లేదు కానీ పిల్లలు రాళ్ళ మీద ఏది ఏరుతారో అని భయపడి ట్రిప్పే ఆపేశాం. ఆ విషం ఉడికిస్తే పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. ఏ ట్రిప్‌కి ముందైనా రాష్ట్ర వ్యవసాయ శాఖ షెల్‌ఫిష్ హాట్‌లైన్‌కి ఫోన్ చేసి ఏ బీచ్ తెరిచి ఉందో కనుక్కోండి.

దీన్నిబట్టి మన వంట గురించి కూడా చెప్పాలి. పీతల పులుసుకి మనం పీతని సగానికి విరిచి, లోపలి పచ్చటి పదార్థంతో సహా వేసేస్తాం, పులుసు చిక్కగా వస్తుందని. ఇక్కడ డొమోయిక్ యాసిడ్ అనే ఇంకో విషం పీత కండలో కంటే ఆ లోపలి భాగంలోనే ఎక్కువ చేరుతుంది, ఉడికిస్తే నీళ్ళలోకి దిగుతుంది, అంటే నేరుగా మన పులుసులోకే. కాబట్టి పైపెంకు తీసి, లోపలిదంతా పారేసి, మొప్పలు తీసేసి, బాగా కడిగి ఆ తర్వాతే పొయ్యి మీద పెట్టండి. రుచి తగ్గుతుందని మా ఇంట్లో కూడా అన్నారు, చింతపండు, ఉల్లిపాయ కొంచెం ఎక్కువ వేస్తే తేడా తెలియలేదు.

రూల్స్ తెలిసినవే, అయినా పోయిన ఏడాది ఒక కుటుంబానికి జరిమానా టికెట్ పడింది కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. పన్నెండేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఎవరి షెల్‌ఫిష్ లైసెన్స్ (పీతలు, ఆల్చిప్పల లాంటివి పట్టడానికి) వాళ్ళకి ఉండాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు తాడు లాగినా వాళ్ళకీ కావాలి, వాళ్ళు రెసిడెంట్ కింద రారు, మూడు రోజుల నాన్ రెసిడెంట్ లైసెన్స్ తీసుకోండి. మనిషికి మూడు రింగులు లేదా పాట్‌లు (పీతల బోనులు). రోజుకి డంజనెస్ మగవి పన్నెండు, ఎర్ర రాక్ క్రాబ్ అయితే ఇరవై నాలుగు, వాటికి సైజు పరిమితి లేదు, ఆడా మగా తేడా లేదు. కొలత ముళ్ళ కొన నుంచి కాదు, ముళ్ళకి ముందు పెంకు మీద అడ్డంగా. పొట్ట కింద మడత సన్నగా ఉంటే మగ, వెడల్పుగా ఉంటే ఆడ. ఇండియాలో గుడ్ల పీత కోసం ఎక్కువ డబ్బు ఇచ్చి కొంటాం, అమ్మ వాళ్ళు ఎందుకు వదిలేస్తున్నారని అడుగుతారు, ఇక్కడ ఆడ డంజనెస్ ఉంచుకోకూడదని ఓపిగ్గా చెప్పండి. పడవ నుంచి వేసే పాట్‌ల బోయ్ (నీళ్ళ మీద తేలే గుర్తు) మీద పేరు, ఫోన్ నంబర్ రాసి ఉండాలి. ఆగస్టులో మన పాట్ ఒకటి తాడు తెగి పోయింది, అది అడుగున ఉండి పీతల్ని పడుతూనే ఉంటుంది, అందుకే అన్ని పాట్‌ల మూతలకీ త్వరగా కుళ్ళిపోయే నూలు తాడు కడుతున్నాం.

చందాల డబ్బుతో పిల్లల సైజు లైఫ్ జాకెట్లు, కొలత గేజ్‌లు, రింగులు కొన్నాం, లెక్కల షీట్ వాట్సాప్‌లో పెట్టాను, సందేహం ఉంటే అడగండి. 2025కి ఒక్క వేసవి ట్రిప్ మాత్రమే, అది కూడా గాలం ట్రిప్, పీతలకి సెప్టెంబర్ ఆఖరు, అక్టోబర్, నవంబర్. పాత లైసెన్స్‌లన్నీ డిసెంబర్ 31తో అయిపోయాయి, నెటార్ట్స్ ట్రిప్‌కి పేరు ఇచ్చేవాళ్ళు ముందు కొత్తది కొని ఫోటో గ్రూప్‌లో పెట్టండి, పడవలో సీట్లు ఆ వరసలోనే ఇస్తాం.