పేనులో దేవుణ్ణి చూసిన డాక్టరు

తల్లిదండ్రులకు నమస్కారం.

1678లో ఒక డచ్ డాక్టరు ఫ్రాన్సులోని స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఒక పేనును కోసి లోపల చూసినవన్నీ వివరించాడు. ఆ పేను దేహంలో సర్వశక్తిమంతుడైన దేవుడి వేలు కనిపిస్తుందన్నాడు. మనమైతే పేను కనబడగానే పేల దువ్వెన అందుకుంటాం!

ఆయన పేరు యాన్ స్వామెర్‌డామ్. 1637లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. తండ్రికి మందుల షాపు. కొడుకు 1667లో వైద్యంలో పట్టా పుచ్చుకున్నాడు కానీ ప్రాక్టీసు పెట్టలేదు, పురుగుల వెంట పడ్డాడు. డబ్బులు ఆపేస్తానని తండ్రి బెదిరించాడు. ఆ తండ్రి మీద నాకు కోపం రాదు, మనలో ఎవరమైనా అదే అంటాం.

వేసవిలో పొద్దున్న ఆరింటికే ఎండలో కూర్చునేవాడు. వెలుతురుకి అడ్డమని టోపీ కూడా పెట్టుకోకుండా, కళ్ళు అలిసిపోయేదాకా, మధ్యాహ్నం వరకు భూతద్దం కింద పని చేసేవాడు. ఆయన కత్తెరలు ఎంత సన్నవంటే, వాటికి పదును పెట్టడానికి కూడా భూతద్దం కావాల్సి వచ్చేది. చాలామంది రాజు అనుకునే తేనెటీగ కడుపులో అండాశయాలు చూపించాడు, అంటే అది రాజు కాదు, రాణి. 1668లో ఇటలీ నుంచి వచ్చిన రాజకుమారుడు కోసిమో ముందు గొంగళి పురుగు చర్మం ఒలిచి, లోపల మడతపడి ఉన్న సీతాకోకచిలుక రెక్కల్ని చూపించాడు. సీతాకోకచిలుక మొత్తం ముందే తయారై ఉంటుందనుకోవడం మాత్రం పొరపాటని తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చారు. ప్యూపాలో (గొంగళి పురుగు సీతాకోకచిలుకగా మారే ముందు కదలకుండా గూడులా ఉండే దశలో) పాత శరీరం చాలావరకు కరిగి కొత్తగా కట్టుకుంటుంది.

ఆ రోజుల్లో పురుగులు బురదలోంచో, కుళ్ళులోంచో వాటంతటవే పుడతాయనీ, వాటి లోపల చెప్పుకోదగ్గ అవయవాలేవీ ఉండవనీ నమ్మేవారు. స్వామెర్‌డామ్ ఒప్పుకోలేదు. పురుగు కుళ్ళులోంచి ఊరికే పుట్టుకొస్తే ఇక సృష్టికర్త ఎందుకు అన్నది ఆయన వాదన. అందుకే గుడ్డు కోసం వెతికాడు. భక్తి ఆయన్ని ప్రయోగానికి దగ్గర చేసిందే తప్ప దూరం చేయలేదు.

ఎప్పుడూ అలాగే ఉందని కాదు. 1675 ప్రాంతంలో ఈ పరిశోధన తనను దేవుడి నుంచి మళ్ళిస్తోందని కుమిలిపోయి, పట్టుపురుగు మీద రాసినది చించేశాడు. బొమ్మలు మాత్రం ఇటలీలోని మాల్పీగీ అనే శాస్త్రవేత్తకి పంపాడు. మళ్ళీ పనిలోకి వచ్చాడు, 1680లో 43 ఏళ్ళకే జ్వరంతో పోయాడు. ఆయన పెద్ద గ్రంథాన్ని బోర్‌హావ్ అనే వైద్యుడు 1737లో అచ్చు వేయించడం మొదలుపెట్టాడు.

ఇదంతా ఎందుకంటే, మన ఆరో తరగతి పిల్లలు ఈ నెల నిమ్మ చెట్టు పురుగుల్ని సీసాల్లో పెంచుతున్నారు. "పురుగులేంటి మేడమ్, చదువు ఎప్పుడు?" అని కొందరు అడిగారు. ఇదీ చదువే. దయచేసి ఇంట్లో "ఛీ" అనకండి. పిల్లలు బొమ్మ గీసి, రోజూ మార్పులు రాసుకోవాలి, అంతే.

సీసా మూతకి చిల్లులు పెట్టి, రోజూ తాజా నిమ్మాకు వేయించండి. ఒంటినిండా వెంట్రుకలున్న పురుగుల్ని చేత్తో ముట్టనివ్వకండి, దురద పుడుతుంది. ప్యూపా కదలకుండా ఉంటే చచ్చిపోయిందని పారేయకండి, రెండు వారాలు ఆగండి. సీతాకోకచిలుక బయటికొచ్చి, దాని రెక్కలు ఆరాక ఆరుబయట వదిలేయాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు